నంబర్ కుదిరినా షూ కరుస్తోందా? దూరం పరిగెత్తేవాళ్లు, నడిచేవాళ్లు షూ ఎంచుకునే తీరు

హాఫ్ మారథాన్ అయిన మర్నాడు నా ఎడమ బొటనవేలి గోరు ఊదా రంగుకు తిరిగింది. వారానికి నల్లబడింది. రెండు నెలలకు ఊడి చేతిలోకొచ్చింది. రాయి తన్నుకోలేదు, కింద పడలేదు. ఎప్పుడూ వేసుకునే నంబరే వేసుకున్నాను. షాపులో నాలుగడుగులు వేసి చూసినప్పుడు ఎంత హాయిగా ఉందో ఇప్పటికీ గుర్తుంది.

జరిగింది ఇది. పదిహేను కిలోమీటర్లు దాటేసరికి పాదం ఉబ్బింది. వేళ్ల ముందున్న కాస్త ఖాళీ కూడా పోయింది. ఆ తర్వాత దిగుడు రోడ్డు వచ్చింది. అడుగు పడ్డ ప్రతిసారీ పాదం ముందుకు జారి, గోరు షూ కొసకు కొట్టుకుంది. పరిగెత్తేటప్పుడు ఒక్కో కాలు నిమిషానికి ఎనభై సార్లకు పైగా నేలకు తగులుతుంది. ఒక్కో దెబ్బ చిన్నదే, కానీ గంటలో అవి వేలవుతాయి.

అందుకే ఇప్పుడు ఎవరైనా "ఏ కంపెనీ షూ మంచిది?" అని అడిగితే, "నీ పాదం ఎక్కడ వెడల్పు?" అని ఎదురు అడుగుతాను. చాలామంది తెల్లమొహం వేస్తారు. కుషన్, ఫోమ్, రంగు, రివ్యూలు అన్నీ ఆ ప్రశ్న తర్వాతే.

పొడవు సరే, మిగతా రెండు కొలతలు?

పెట్టె మీది నంబర్ పొడవు ఒక్కటే చెబుతుంది. అదీ అంతంత మాత్రంగానే. బ్రిటిష్ పద్ధతిలో ఒక నంబర్‌కీ పై నంబర్‌కీ తేడా అంగుళంలో మూడో వంతు, సుమారు 8.5 మి.మీ. ఒకప్పుడు బార్లీ గింజ పొడవును కొలతగా పెట్టుకున్నారు, ఆ లెక్కే ఇప్పటికీ నడుస్తోంది. అంటే అర నంబర్‌ తేడా నాలుగు మి.మీ. చిల్లర. యూరప్ నంబర్లలో ఒక్కో మెట్టు 6.67 మి.మీ. అమెరికా నంబర్ మగవాళ్ల షూలకు మామూలుగా బ్రిటిష్ నంబర్ కంటే ఒకటి ఎక్కువ, కొన్ని కంపెనీల్లో అర మాత్రమే ఎక్కువ. కాబట్టి "నాది 9" అనేముందు అది ఏ దేశపు 9 అన్నది చూసుకోవాలి. షూ నాలిక (లేసుల కింద ఉండే పట్టీ) వెనక ఉండే ట్యాగ్ మీద చాలా కంపెనీలు సెంటీమీటర్లలో కూడా ఒక అంకె వేస్తాయి. రెండు కంపెనీల షూలను పోల్చాల్సి వస్తే నేను దాన్నే చూస్తాను.

రెండో కొలత వెడల్పు. అమెరికా పద్ధతిలో మగవాళ్ల మామూలు వెడల్పు డి, ఆడవాళ్లది బి. మగవాళ్లలో 2ఇ అంటే వెడల్పు, 4ఇ అంటే ఇంకా వెడల్పు. ఆడవాళ్లకైతే డి రాసి ఉంటేనే వెడల్పు కింద లెక్క. షాపుల్లో ఎక్కువగా మామూలు వెడల్పే పెడతారు. అందుకే వెడల్పు పాదం ఉన్నవాళ్లు ఇరుకును తప్పించుకోవడానికి ఒక నంబర్ పెద్దది కొనేస్తారు. అది తప్పుడు మందు. పక్కల కాస్త వదులు వస్తుంది నిజమే, కానీ మడమ జారుతుంది, షూ వంగే చోటు ముందుకు పోతుంది, కొస మెట్లకు తట్టుకుంటుంది. వెడల్పు కావాలంటే వెడల్పు షూ అడగాలి. దొరక్కపోతే ముందుభాగం విశాలంగా చేసే మరో కంపెనీకి మారాలి. ఆడవాళ్లు ఇలాంటప్పుడు మగవాళ్ల షూ వేసి చూడొచ్చు, మడమ దగ్గర వదులు లేకుంటే అందులో తప్పేమీ లేదు.

మూడో కొలతను దాదాపు ఎవరూ పట్టించుకోరు: మడమ నుంచి బొటనవేలి మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే ఎముక దాకా ఉన్న దూరం. పాదం వంగేది అక్కడే. 1920ల్లో అమెరికాలో చార్లెస్ బ్రానాక్ తయారుచేసిన లోహపు కొలత పలకను షూ షాపుల్లో ఇప్పటికీ వాడుతున్నారు. అది పొడవును, వెడల్పును, ఈ మూడో దూరాన్నీ కొలుస్తుంది.

ఇద్దరి పాదాలు 26 సెం.మీ. పొడవే అనుకుందాం. ఒకరికి వేళ్లు పొడవు. మరొకరికి వేళ్లు పొట్టి, పాదం మధ్య వంపు పొడవు. ఒకే షూ వేసుకుంటే మొదటి మనిషికి హాయిగా ఉండొచ్చు. రెండో మనిషి పాదంలో వెడల్పైన భాగం, షూ సన్నబడటం మొదలయ్యే చోట పడుతుంది. వేళ్ల ముందు చేతి బొటనవేలి వెడల్పంత ఖాళీ కనిపిస్తూనే ఉంటుంది, అయినా పక్కన ఎముక నొక్కుకుంటూ ఉంటుంది. "పొడవు సరిపోయింది, మరి ఎందుకు నొప్పి?" అని తల పట్టుకునేవాళ్లలో చాలామంది ఈ రెండో రకమే. వాళ్లకు అర నంబర్ పెద్దది తీసుకోవడం నిజంగానే పనికొస్తుంది. వెడల్పు పాదానికి పనికిరాని చిట్కా పొట్టి వేళ్లకు పనికొస్తుంది. అందుకే ముందు మీ పాదం ఏ రకమో తేల్చుకోవాలి.

షాపులో చేయాల్సిన పని

సాయంత్రం వెళ్లండి. రోజంతా నిలబడి తిరిగాక పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. కుదిరితే అరగంట నడిచి మరీ వెళ్లండి. పరుగుకు వాడే మేజోళ్లే వేసుకెళ్లండి. పల్చటి ఆఫీసు మేజోళ్లతో చూసిన షూ మందపాటి వాటితో బిగుసుకుంటుంది. రెండు పాదాలూ కొలిపించుకోండి. రెండూ ఒకే కొలత ఉండటం అరుదు, పెద్ద పాదానికే షూ కొనాలి. నాకు ఎడమది పెద్దది. ఊడిన గోరు కూడా ఆ కాలిదే అని వేరే చెప్పక్కర్లేదు.

షూ వేసుకోకముందే ఒక పని చేయండి. లోపలి ఇన్‌సోల్‌ను బయటికి లాగి నేల మీద పెట్టి, దాని మీద పూర్తి బరువు వేసి నిలబడండి. కూర్చుని చూస్తే లాభం లేదు, బరువు పడ్డాకే పాదం పరుచుకుంటుంది. మడమను ఇన్‌సోల్‌ వెనక గిన్నెలో సరిగ్గా కూర్చోబెట్టి కిందికి చూడండి. చిటికెన వేలు అంచు దాటి నేలకు తగులుతోందా? బొటనవేలి పక్క ఎముక బయటికి పొడుచుకొచ్చిందా? అంచు దాటిన భాగమంతా షూ లోపల పక్క గుడ్డను నొక్కుతూ ఉంటుంది. గుడ్డ సాగుతుందిలే అని షాపువాళ్లు చెబుతారు. కాస్త సాగుతుంది కూడా. కానీ ఆ సాగదీసే పని చేసేది మీ చిటికెన వేలే. నేను ఈ పరీక్షలో తప్పిన షూను కాలికి వేసుకోను కూడా. వేసుకుంటే కుషన్ మెత్తదనానికి మనసు లొంగిపోతుంది.

ఇన్‌సోల్ పరీక్ష దాటిందా, ఇప్పుడు వేసుకోండి. మడమను వెనక్కి తట్టి కూర్చోబెట్టి లేసు కట్టి నిలబడండి. అన్నిటికన్నా పొడవైన వేలి ముందు మీ చేతి బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి, అంటే 10 నుంచి 12 మి.మీ. పొడవైన వేలు కొందరికి బొటనవేలు కాదు, దాని పక్కది. ఆ ఖాళీని మీరే వంగి చూసుకుంటే పాదం కదిలిపోయి లెక్క తప్పుతుంది. పక్కన ఎవరినైనా నొక్కి చూడమనండి. వేళ్లు లోపల విసనకర్రలా విప్పుకోగలగాలి. మీగాలి మీద లేసు కోసుకోకూడదు. మడమ ఒక్కటీ గట్టిగా పట్టి ఉండాలి. నడిచేటప్పుడు కొంచెం లేచినా ఫర్వాలేదు, జారుతూ రాసుకుంటే మాత్రం ఆ జత వద్దు.

ఆ తర్వాత మెట్లు గానీ వాలు గానీ ఉంటే దిగి చూడండి. నా గోరు ప్రాణం తీసింది ఆ దిగుడే. దిగేటప్పుడు వేళ్లు ముందుకు కొట్టుకుంటే సమతల నేల మీద ఎంత బాగున్నా ఆ షూ దూరానికి పనికిరాదు. ఒక కాలికి ఒక కంపెనీది, మరో కాలికి మరో కంపెనీది వేసుకుని నడిచి చూడటం కూడా మంచి పద్ధతే. చూసేవాళ్లు నవ్వుకుంటారు, నవ్వనివ్వండి. ఏది ఇరుకో, ఏది వదులో అప్పుడు తెలిసినంత స్పష్టంగా వేరే రకంగా తెలియదు.

పరుగు షూనా, నడక షూనా?

నడకలో ఎప్పుడూ ఒక కాలు నేల మీదే ఉంటుంది. పరుగులో ప్రతి అడుగుకూ ఒక క్షణం రెండు కాళ్లూ గాల్లో ఉండి, ఆ తర్వాత మొత్తం బరువు ఒకే కాలి మీద పడుతుంది. మామూలు వేగంలో ఆ తాకిడి శరీర బరువుకు రెండు మూడు రెట్లు ఉంటుంది. నడకలో అది శరీర బరువు కంటే కొంచెమే ఎక్కువ. అందుకే పరుగు షూలో ఫోమ్ ఎక్కువ, బరువు తక్కువ. నడక షూలు చాలావాటికి సోల్ గట్టిగా, పైభాగం దళసరిగా ఉంటుంది.

నా సలహా ఇది. రెండూ చేసేవాళ్లు ఒక్క జతే కొనేటట్టయితే పరుగు షూ కొనండి. దానితో హాయిగా నడవొచ్చు. నడక షూతో పరిగెత్తడం మాత్రం పిక్కలకూ మోకాళ్లకూ అనవసరపు శిక్ష. బరువు కూడా చూసుకోవాలి. ఒక్కో షూకు 100 గ్రాములు పెరిగితే పరుగుకు సుమారు 1 శాతం ఎక్కువ ఆక్సిజన్ ఖర్చవుతుందని తేలింది. పది నిమిషాల పరుగులో అది తెలియదు, రెండు గంటల పరుగులో తెలుస్తుంది.

నడక కోసమే కొనే పరుగు షూలో ఒకటి గమనించాలి. నడిచేటప్పుడు మడమ వెనక అంచు ముందు నేలకు తగిలి, అక్కడి నుంచి పాదం ముందుకు దొర్లుతుంది. వెనక సోల్ బాగా ఎత్తుగా, నిలువుగా, వెడల్పుగా పొడుచుకొచ్చి ఉంటే పాదం దొర్లదు, "టప్"మని పడుతుంది. వెనక అంచు కాస్త ఏటవాలుగా చెక్కినట్టు ఉన్నవి నడకకు బాగుంటాయి. షూను చేత్తో పట్టుకుని కొసను, మడమను దగ్గరికి నొక్కితే వేళ్ల మొదట్లో వంగాలి. మధ్యలో మడతపడే షూ నడకకూ వద్దు, పరుగుకూ వద్దు. ముందుభాగం పైకి ఒంపు తిరిగి, అసలు వంగకుండా గట్టిగా ఉండే షూలూ ఇప్పుడు వస్తున్నాయి. వాటిని వంచి కాకుండా నడిచి చూసే తేల్చుకోవాలి.

రోజుకు ఇరవై ముప్పై కిలోమీటర్లు నడిచేవాళ్లకు ఇంకో మాట. అంత దూరం పరిగెత్తేవాళ్ల కంటే మీరు ఎక్కువ గంటలు షూలో ఉంటారు, పాదం ఉబ్బడానికి ఎక్కువ సమయం ఉంటుంది. బొటనవేలంత ఖాళీ కంటే మరి కాస్త ఉన్నా మంచిదే. నూలు మేజోళ్లు మానేయండి. చెమటను పట్టి ఉంచుకుంటాయి. తడిసిన చర్మం ఒరుసుకుంటే బొబ్బ లేవడానికి ఎంతోసేపు పట్టదు. రాళ్ల దారికీ మట్టి బాటకూ ట్రైల్ షూ వేరే ఉంది, పళ్లున్న సోల్‌తో. తారు రోడ్డు మీద ఆ పళ్లు ఊరికే అరిగిపోతాయి.

కుషన్, డ్రాప్, సపోర్ట్

టెన్షన్ పెట్టేది ఈ భాగమే, నిజానికి అంత పెట్టుకోనక్కర్లేదు.

డ్రాప్ అంటే మడమ కింద సోల్ ఎత్తుకూ వేళ్ల కింద ఎత్తుకూ తేడా. 10, 12 మి.మీ. ఉన్నవి పాత తరహా. 4, అంతకంటే తక్కువ ఉన్నవి తక్కువ డ్రాప్. డ్రాప్ తగ్గేకొద్దీ పని పిక్కల మీదకు, మడమ వెనక స్నాయువు (అకిలిస్ టెండన్) మీదకు మారుతుంది. పెరిగేకొద్దీ మోకాలి మీద భారం ఎక్కువవుతుంది. పిక్కలు తరచూ పట్టేసేవాళ్లు 8 నుంచి 12 మధ్య ఉంటే నయం. ఇప్పుడు వాడుతున్నదానితో ఇబ్బంది లేకపోతే దాదాపు అదే డ్రాప్‌లో ఉండిపోండి. 12 నుంచి ఒక్కసారిగా సున్నాకు దూకి, వారంలో పిక్క పట్టుకుని కూర్చున్నవాళ్లను చూశాను.

సపోర్ట్ షూల (పాదం లోపలి వైపుకు ఒరగకుండా పట్టి ఉంచేలా చేసినవి) కథ కాస్త వేరు. అరికాలు తడిపి కాగితం మీద ముద్ర వేసి, చదునైన పాదమైతే సపోర్ట్ షూ, వంపు ఎక్కువైతే మెత్తటి షూ అని పంచడం చాలాకాలంగా ఉన్న అలవాటు. అమెరికా సైన్యం, వైమానిక దళం, మెరైన్ శిక్షణ శిబిరాల్లో ఇలా అరికాలి ఆకారాన్ని బట్టి షూలిచ్చి చూశారు. అందరికీ ఒకే రకం ఇచ్చినవాళ్లతో పోలిస్తే గాయాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయంలో ఏళ్లతరబడి పరుగు షూల మీద పరిశోధన చేసిన బెన్నో నిగ్ బృందం, వేసుకోగానే హాయిగా అనిపించే షూనే ఎంచుకోవాలన్న వాదన ముందుకు తెచ్చింది. నేను ఆ పక్షమే. అయితే ఇప్పటికే సపోర్ట్ షూతో నొప్పి లేకుండా పరిగెత్తుతున్నవాళ్లు ఈ మాట విని మార్చక్కర్లేదు. బాగా నడుస్తున్న బండిని విప్పి చూడటం దేనికి?

కుషన్ ఎంత మందం ఉండాలన్నది ఎక్కువగా ఇష్టానికి సంబంధించినదే. మరీ మెత్తగా ఉన్నవి కొందరికి చీలమండ దగ్గర ఊగిసలాడతాయి. ఒంటికాలి మీద పది సెకన్లు నిలబడి చూస్తే తెలిసిపోతుంది. సోల్ లోపల కార్బన్ పలక ఉన్న పోటీ షూలంటే ఇప్పుడు అందరికీ మోజే. వాటి వల్ల వేగం పెరుగుతోందనే 2020లో వరల్డ్ అథ్లెటిక్స్ రోడ్డు పరుగు షూల సోల్ మందం 40 మి.మీ. దాటకూడదని, పలక ఒకటికి మించి ఉండకూడదని నిబంధన పెట్టింది. మొదటి పది కిలోమీటర్లకు సిద్ధమవుతున్నవాళ్లకు వాటితో పని లేదు.

అసలు షూలే వద్దు, ఇథియోపియా వీరుడు అబెబె బికిలా వట్టి కాళ్లతో గెలవలేదా అనేవాళ్లుంటారు. గెలిచాడు, 1960 రోమ్ ఒలింపిక్స్‌లో, 42.195 కిలోమీటర్ల మారథాన్. కానీ ఆ రోజు ఇచ్చిన షూలు కాలికి సరిగా కుదరకపోవడమే ఆయన వాటిని పక్కన పెట్టడానికి ఒక కారణం. నాలుగేళ్ల తర్వాత టోక్యోలో షూ వేసుకుని మళ్లీ గెలిచాడు, మూడు నిమిషాలకు పైగా తక్కువ సమయంలో.

రెండు నంబర్ల మధ్య పడితే

పెద్దదే తీసుకోండి. వదులును లేసుతో సరిచేసుకోవచ్చు, ఇరుకును సరిచేసే దారి లేదు. షూ పైన, చీలమండ దగ్గర, మిగతావాటికి కొంచెం వెనగ్గా ఒక అదనపు రంధ్రం ఉంటుంది చూశారా? చాలామంది దాన్ని ఖాళీగా వదిలేస్తారు. లేసును అదే పక్కనున్న ఆ రంధ్రంలోకి బయటి నుంచి లోపలికి దూర్చి చిన్న ఉచ్చులా వదలండి, రెండో పక్కా అంతే. ఇప్పుడు కుడి లేసును ఎడమ ఉచ్చులోంచి, ఎడమ లేసును కుడి ఉచ్చులోంచి తీసి, వెనక్కి, కిందికి లాగి ముడి వేయండి. మడమ అతుక్కున్నట్టు కూర్చుంటుంది, వేళ్ల దగ్గర వదులు వదులుగానే ఉంటుంది. మీగాలు ఎత్తుగా ఉండి లేసు నొక్కుకునేవాళ్లు, నొక్కుకునే చోట ఒక్క వరస అడ్డంగా దాటించకుండా అదే పక్కన నిలువుగా పైకి తీసుకుపోతే చాలు.

లేసుతో సర్దినా మడమ జారుతుంటే ఆ జత మీది కాదు. ఇంకో మోడల్ చూడండి.

షుగర్ ఉండి అరికాలికి స్పర్శ తగ్గినవాళ్ల సంగతి వేరు. షూ కరుస్తున్నా వాళ్లకు తెలియకపోవచ్చు, "హాయిగా ఉంటే కొనండి" అన్న నా మాట వాళ్లకు వర్తించదు. డాక్టర్ సలహాతో కొలతలు తీయించుకుని కొనాలి. నడిచి వచ్చిన ప్రతిసారీ అరికాళ్లు, వేళ్ల సందులు కళ్లతో చూసుకోవాలి.

ఇంటికొచ్చాక

ఇప్పటి పరుగు షూలు వాడగా వాడగా కుదురుకుంటాయని అనుకోకండి. మొదటి రోజు నొక్కితే నెల తర్వాతా నొక్కుతుంది. తోలు నడక షూలు మాత్రం కొంత సమయం తీసుకుంటాయి. కొన్న రోజే రోడ్డెక్కకుండా, ఇంట్లో శుభ్రమైన నేల మీద గంటసేపు వేసుకుని తిరగండి. సోల్‌కు మట్టి అంటనంత వరకు చాలాచోట్ల మార్చుకోవడానికి వీలుంటుంది. తర్వాత మేజోళ్లు తీసి చూడండి. ఎక్కడైనా ఎర్రగా గీత పడితే, రేపు బొబ్బ వచ్చేది అక్కడే. కొత్త షూతో పెద్ద పోటీకి వెళ్లడం గురించి చెప్పనక్కర్లేదు, అయినా ప్రతి పోటీలోనూ ఒకరైనా కనిపిస్తారు.

వారానికి నాలుగైదు రోజులు పరిగెత్తేవాళ్లు రెండు రకాల జతలు మార్చి మార్చి వాడటం మేలు. లక్సెంబర్గ్‌లో 264 మంది రన్నర్లను 22 వారాల పాటు గమనిస్తే, ఒకటికి మించి జతలు మారుస్తూ వాడినవాళ్లకు గాయాల ముప్పు 39 శాతం తక్కువగా కనిపించింది. అది జతలు మార్చడం వల్లేనని ఖాయంగా చెప్పలేం, కానీ షూ మారినప్పుడు కాలి మీద భారం పడే చోటూ కొద్దిగా మారుతుందన్నది అర్థవంతమైన కారణమే. పైగా ఒక జత ఆరుతుండగా మరొకటి చేతిలో ఉంటుంది.

పరుగు షూ ఆయుష్షు సుమారు 500 నుంచి 800 కిలోమీటర్లు. బరువైనవాళ్లకు, రోడ్డు మీదే పరిగెత్తేవాళ్లకు ముందే అయిపోతుంది. పైన కొత్తగా మెరుస్తున్నా లోపల ఫోమ్ చచ్చిపోయి ఉండొచ్చు. సోల్ పక్క గోడ మీద అడ్డంగా మడతల గీతలు పడి, బొటనవేలితో నొక్కితే లోపలికి పోకపోతే దాని పని అయినట్టే. బల్ల మీద పెట్టి వెనక నుంచి చూడండి, ఒక పక్కకు ఒరిగి కనిపిస్తే మార్చేయాలి. నేను కొన్న తేదీని మార్కర్‌తో ఇన్‌సోల్ కింద రాసుకుంటాను. నా గోరును మింగిన జత తేదీ కూడా అలాగే ఉంది. ఆ షూ ఇప్పుడు మొక్కలకు నీళ్లు పోయడానికి వెళ్లేటప్పుడు వేసుకుంటాను, నాలుగడుగులే కాబట్టి షాపులో ఉన్నంత హాయిగానే ఉంటుంది.